పతకం దొరికింది సరే, పేరు ఏది?

పాత వస్తువులను వెదకి, కొని, పదిలపరచే అలవాటును నేను ఏనాడూ నిందించలేదు. ఊరూరా తిరిగి తాటాకులు పోగుచేసిన మహానుభావులే లేకుంటే మన ప్రాచీన కావ్యాలు ఎన్నో నేడు పేరుకు కూడా మిగిలేవి కావు. కానీ ఆనాడు తాటాకును సేకరించినవాడు అందులోని పద్యాన్ని చదివించాడు, పాఠాంతరాలను పోల్చి చూశాడు, ఏ ఊళ్ళో ఎవరి ఇంట దొరికిందో రాసిపెట్టాడు. ఆకు ఎంత పాతది, గంటం ఎంత వాడిది అన్న విచారణతోనే ఆగిపోయి ఉంటే అతణ్ణి పండితుడని ఎవరూ అనేవారు కారు. తాటాకుల వర్తకుడు అనేవారు.

ఈ భేదాన్ని ఇప్పుడెందుకు ఎత్తవలసి వచ్చిందంటే, పాత జర్మను సైనిక పతకాలనూ చిహ్నాలనూ సేకరించేవారితో నాకు రెండేళ్ళుగా ఉత్తరాలలో వాదం నడుస్తున్నది. ఉద్యోగరీత్యా జర్మనీలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ అభిరుచిలో పడ్డాడు. తాను కొన్నవాటి ఛాయాచిత్రాలూ, ఆ విద్యకు సంబంధించిన పుస్తకాలూ పంపిస్తూ వచ్చాడు, ఆసక్తితోనే చదివాను. అతని మిత్రులు కొందరు కూడా చర్చలో చేరారు. అందరూ చదువుకున్నవారే, మర్యాదస్థులే. అయినా వారి పక్షం దోషభూయిష్ఠమని నా నిశ్చయం. వ్యక్తులతో నాకు పనిలేదు గనుక వారిని అలా ఉంచి, పక్షాన్ని మాత్రమే ఇక్కడ పరీక్షిస్తాను.

వారి పక్షాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: "మేము వస్తువును గుర్తిస్తాము, మనిషితో మాకు నిమిత్తం లేదు." నా పక్షం దీనికి సూటిగా విరుద్ధం. జర్మను పతకం విషయంలో మనిషిని వదిలిపెట్టిన గుర్తింపు గుర్తింపే కాదు. పైగా ఆ వదిలిపెట్టడం వల్ల మళ్ళీ పూడ్చుకోలేని నష్టం జరుగుతున్నది.

విషయం కొత్తగా వినేవారి కోసం ముందు కొన్ని మాటలు. జర్మను పతకాలలో లోకప్రసిద్ధమైనది ఐరన్ క్రాస్, అంటే ఇనుప శిలువ. నెపోలియన్‌పై యుద్ధానికి సిద్ధమవుతూ ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం దీనిని బ్రెస్లావులో స్థాపించాడు. స్థాపన తేదీని, అప్పటికి మూడేళ్ళ క్రితం మరణించిన తన రాణి లూయీ జన్మదినమైన 1813 మార్చి 10గా వేయించాడు. రూపం తీర్చినవాడు సుప్రసిద్ధ వాస్తుశిల్పి షింకెల్. పోత ఇనుముతో చేసిన నల్లని శిలువ, చుట్టూ సన్నని వెండి అంచు, అంతే. ఆ రోజుల్లో ప్రష్యా స్త్రీలు తమ బంగారు నగలను దేశానికిచ్చి, బదులుగా ఇనుప నగలు పుచ్చుకొని ధరించారు. ఆ కాలపు నిరాడంబరతకు ఈ పతకం ప్రతీక. అంతకంటె ముఖ్యమైన సంగతి, సామాన్య సైనికుడికీ సేనానికీ ఒకే శిలువ. దానిని 1870లోనూ, 1914లోనూ, 1939లోనూ పునరుద్ధరించారు. ఒక్క మొదటి ప్రపంచయుద్ధంలోనే రెండవ తరగతి శిలువలు సుమారు 50 లక్షలు ఇచ్చారు.

ఈ పతకాలను గుర్తించడం చిన్న విద్య కాదు, ఒప్పుకోవలసిందే. 1914 నాటి శిలువ ముఖం మీద కిరీటం, చక్రవర్తి విల్హెల్మ్ పేరులోని తొలి అక్షరం, సంవత్సరం ఉంటాయి. 1939 నాటి దానిలో ఆ అక్షరం పోయి నాజీల స్వస్తిక వచ్చి కూర్చుంది. రిబ్బను చూసినా తెలుస్తుంది. 1914 నాటి రెండవ తరగతి శిలువను రణరంగంలో పోరాడినవారికి తెల్లని చారలున్న నల్లని రిబ్బనుతో ఇచ్చారు. యుద్ధం చేయకుండా ఇతర సేవలందించిన వారికి రంగులు తారుమారు. 1939 నాటికి అందులోకి ఎరుపు చేరింది. నల్లని ఇనుప పలకను రెండు వెండి చట్రాల నడుమ ఇమిడ్చి అతికే పద్ధతినీ, అంచు మీది గీతల పదునునూ, వలయం మీద కంటికి ఆనని తయారీదారు ముద్రనూ భూతద్దంలో చూస్తారు. 1941 తరువాత జర్మను ప్రభుత్వం ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క అంకె కేటాయించింది. ఆ పట్టిక అంతా వీరికి కంఠస్థం. రిబ్బనును అతినీలలోహిత కాంతిలో పెట్టి చూస్తారు. ధగధగ మెరిస్తే అది యుద్ధానంతర కాలపు దారం, కనుక నకిలీ. మన శాసనపరిశోధకులు కూటశాసనాన్ని పట్టుకోవడానికి లిపినీ, భాషనూ, రాజముద్రనూ పరీక్షించే తీరు దీనికి చాలా దగ్గర. ఈ శ్రద్ధను చూసి ముచ్చటపడ్డాను.

కానీ శాసనపరిశోధకుడు అక్కడితో ఆగుతాడా? రాగిరేకు అసలుదే అని తేలాక కదా అతని అసలు పని మొదలయ్యేది! దానం చేసినవాడెవరు, పుచ్చుకున్నవాడెవరు, ఏ గ్రామం, ఏ పుణ్యకాలం, ఎందుకు? ఇవేమీ అడగకుండా, "రాగి మంచిది, ముద్ర చెక్కుచెదరలేదు, ఇంత వెల పలుకుతుంది" అని బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి చరిత్రకారుడని అనగలమా? నా విద్యార్థి మిత్రులు సరిగ్గా ఇక్కడే ఆగుతున్నారు.

ఈ ఆగడం జర్మను పతకాల విషయంలో ఎందుకంత దోషమో చెబుతాను. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్గొన్న బ్రిటిషు సైన్యపు పతకాన్ని తీసుకోండి. దాని అంచు మీద సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం అచ్చువేసి ఉంటాయి. మన భారతీయ సిపాయిలకు ఇచ్చినవాటి మీద కూడా పేర్లు ఉన్నాయి. మద్రాసు రాజధాని పల్లెల నుండి వెళ్ళి మెసొపొటేమియాలో పనిచేసిన సిపాయి పతకం నూరేళ్ళ తరువాత ఏ పాతసామాను అంగడిలో కనిపించినా, అంచు తిప్పి చదివితే మనిషి దొరుకుతాడు. జర్మను ఐరన్ క్రాస్ మీద ఆ విధంగా పేరు వేసే పద్ధతి లేదు. 50 లక్షల మందికి 50 లక్షల శిలువలు, అన్నీ ఒక్కలాగే. పేరు ఉండేది వేరేచోట: పతకంతో పాటు ఇచ్చిన ప్రదానపత్రంలో, సైనికుడి దగ్గరుండే చిన్న సేవాపుస్తకంలో, ఇంటివారు దాచుకున్న ఉత్తరాలలో. అంటే లోహం ఒకచోట, నామం ఒకచోట. రెండూ కలిసి ఉన్నంతకాలమే ఆ పతకానికి అర్థం.

మరి ప్రభుత్వ దస్తావేజులు ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను. సమాధానం విని మనసు కలుక్కుమన్నది. 1945 ఏప్రిల్ 14 రాత్రి బ్రిటిషు విమానాలు పోట్స్‌డామ్ మీద బాంబులు కురిపించినప్పుడు అక్కడి సైనిక దస్తావేజుల భాండాగారం కాలిపోయింది. ప్రష్యా సైన్యంలోని సిబ్బంది పత్రాలు దాదాపుగా దానితోనే భస్మమయ్యాయి. బవేరియా సైన్యపు పత్రాలు మ్యూనిక్‌లో ఉండడం వల్ల బతికాయి. కనుక మొదటి యుద్ధంలో పోరాడిన ఒక ప్రష్యా సిపాయి సేవాచరిత్రకు ఈనాడు మిగిలిన ఆధారం, చాలా సందర్భాలలో, అతని ఇంటివారు పాత పెట్టెలో దాచిన ఆ నాలుగు కాగితాలే. మనవలు ఇల్లు ఖాళీచేస్తూ ఆ పెట్టెను అమ్మితే, అది చేరేది సంగ్రాహకుడి చేతికే. అంటే, తెలిసో తెలియకో, అతడు ఒక దగ్ధమైన భాండాగారానికి వారసుడు. అంతటి బాధ్యత మీద పడినవాడు "మనిషితో నాకు నిమిత్తం లేదు" అనడం చెల్లుతుందా?

చెల్లకపోగా అంగడిలో జరుగుతున్నది మరింత ఘోరం. జర్మను సైనికులు తమకు వచ్చిన పతకాలన్నిటినీ ఒకే కడ్డీ మీద వరుసగా అమర్చి ధరించేవారు. ఆ వరుస ఒక వాక్యం వంటిది. మొదట ఐరన్ క్రాస్. దాని పక్కన బవేరియా పతకం ఉంటే ఆ మనిషి బవేరియా వాడు కావచ్చు. హాంబుర్గ్, బ్రెమెన్, ల్యూబెక్ నగరాలలో ఒకదాని హాన్సా శిలువ ఉంటే ఆ నగరంతో సంబంధం ఉన్నవాడు. 1934లో స్థాపించిన యుద్ధగౌరవ శిలువ ఉంటే ఆ కడ్డీ ఆ తరువాత అమర్చినది. 1936లో పెట్టిన సైన్యసేవా పతకం కూడా ఉంటే, అతడు హిట్లర్ సైన్యంలోనూ కొనసాగాడన్నమాట. పేరు తెలియకపోయినా, తెలిసినవాడు చదివితే ఒక జీవితపు రూపురేఖ కనిపిస్తుంది. వర్తకులు చేసేదేమిటి? విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని కడ్డీని విప్పుతారు. పత్రం పత్రాల సంగ్రాహకుడికి, పతకం పతకాల సంగ్రాహకుడికి, ఛాయాచిత్రం మరొకరికి. పద్యాన్ని పదాలుగా విరిచి పదానికింత అని అమ్మినట్లు! పదాలన్నీ లోకంలో ఎక్కడో ఒకచోట క్షేమంగానే ఉంటాయి. పద్యం మాత్రం పోయింది. అన్వయం ఇక ఎవరికీ కుదరదు. కొనేవాడు లేనిదే విరిచేవాడు ఉండడు గనుక ఈ పాపంలో సంగ్రాహకుడికీ భాగం ఉంది.

ఇక వారి వాదాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి పూర్వపక్షం: "గురువుగారూ, ఇవి లోహకళాఖండాలు. వీటికి రాజకీయం అంటగట్టవద్దు." సరే, నేనేమీ అంటగట్టను. ఒక్క పతకాన్ని తీసుకొని వారి పద్ధతిలోనే చూస్తాను. పైన చెప్పిన యుద్ధగౌరవ శిలువను 1934 జూలై 13న అధ్యక్షుడు హిండెన్‌బుర్గ్ స్థాపించాడు. పోరాడినవారికి కత్తులున్నది, పోరాడకుండా సేవచేసినవారికి కత్తులు లేనిది, చనిపోయినవారి భార్యలకూ తల్లిదండ్రులకూ నల్లరంగుది. ఇలా మూడు విధాలు. దరఖాస్తు పెట్టుకున్న ప్రతి అర్హుడికీ ఇచ్చారు. పోరాడినవారికిచ్చినవి 60 లక్షలు దాటాయి. నల్లవి 7 లక్షలకు పైగా. ధరల పట్టికలో నల్లదానికి వెల ఎక్కువ, ఎందుకంటే అది "అరుదు". ఆ అరుదైన వస్తువులన్నీ కొడుకునో మగణ్ణో పోగొట్టుకున్న ఇళ్ళలోవి. ఆ సంగతి పట్టికలో ఎక్కడా ఉండదు.

మొదటి యుద్ధంలో జర్మను సైన్యంలో సుమారు లక్షమంది యూదులు పనిచేశారు. 12 వేలమంది ప్రాణాలు ఇచ్చారు. వారిలో బతికిబయటపడి దరఖాస్తు పెట్టుకున్నవారికి కూడా ఈ గౌరవ శిలువ వచ్చింది. హిండెన్‌బుర్గ్ ఆ ఆగస్టులోనే మరణించాడు గనుక ఆ తరువాతి ప్రదానపత్రాల మీద "నాయకుడి పేరిట" అని ఉంటుంది. ఆ నాయకుడు హిట్లర్. మరొక విచిత్రం చూడండి: 1918లో హిట్లర్‌కు మొదటి తరగతి ఐరన్ క్రాస్ ఇవ్వవలసిందని సిఫారసు చేసిన అధికారి హ్యూగో గుట్మన్ కూడా యూదుడే.

1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాలను బహిష్కరించమని నాజీలు పిలుపునిచ్చినప్పుడు, కొలోన్ నగరంలో ఒక యూదు దుకాణదారు తన ఐరన్ క్రాస్ రొమ్మున తగిలించుకొని తన అంగడి వాకిట నిలబడ్డాడు. ఆ ఛాయాచిత్రం ఈనాటికీ ఉంది. ఆ నెలలోనే వచ్చిన చట్టం యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించింది. హిండెన్‌బుర్గ్ పట్టుబట్టడంతో రణరంగంలో పోరాడినవారికి మినహాయింపు దొరికింది. 1935లో ఆ మినహాయింపూ పోయింది. 1942 జనవరి 20న వాన్‌సీ భవనంలో యూదుల సంహారానికి పథకం వేసిన సమావేశపు కార్యవిధాన పత్రంలో ఈ పతకం ప్రస్తావన ఉంది: వృద్ధులనూ, యుద్ధంలో తీవ్రంగా గాయపడినవారినీ, మొదటి తరగతి ఐరన్ క్రాస్ వంటి పతకాలున్నవారినీ తెరేసియెన్‌స్టాట్‌కు పంపాలట. అదేదో విశ్రాంతి గృహం కాదు. అక్కడి నుండి వేలాదిమందిని ఆష్విట్జ్‌కు తరలించారు.

ఇప్పుడు బల్ల మీద రెండు గౌరవ శిలువలు పెట్టండి. ఒకే కర్మాగారం, ఒకే ముద్ర, ఒకే బరువు, ఒకే రంగు. ఒకటి 1942లో రైలెక్కించబడిన వృద్ధుడిది. మరొకటి ఆ రైలుకు కాపలా ఉన్నవాడి తండ్రిది అనుకోండి. భూతద్దంలో చూసి ఏది ఎవరిదో చెప్పగల సంగ్రాహకుడు ఈ భూమండలంలో ఒక్కడైనా ఉన్నాడా? ప్రదానపత్రం మీద టైపుకొట్టిన పేరు ఒక్కటే చెప్పగలదు. ఆ కాగితాన్ని విడదీసి పారేసినవాడు ఆ ఇద్దరినీ ఒకటి చేశాడు. "రాజకీయం వద్దు" అన్న మాటకు ఆచరణలో పట్టిన ఫలం ఇది.

రెండవ పూర్వపక్షం మన దేశీయులది. "స్వస్తిక మనదే కదా, మన గడపల మీద వేసుకునేదే కదా, దానికి ఉలికిపడతారేం?" ఈ మాట తెలుగువారి నోటనే విన్నాను. తర్కశాస్త్రం కాస్త చదివినవారికి సైంధవ దృష్టాంతం జ్ఞాపకం ఉంటుంది. సైంధవమంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనాల పంక్తిలో "సైంధవం తీసుకురా" అంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి బయలుదేరుతూ అంటే గుర్రం తేవాలి. శబ్దం ఒకటే అయినా అర్థాన్ని నిర్ణయించేది ప్రకరణం. మన గడప మీద పసుపుకుంకుమలతో తీర్చిన స్వస్తిక ఒక ప్రకరణం. 1939 నాటి శిలువ నడుమ దిగగొట్టిన స్వస్తిక మరొక ప్రకరణం. జర్మనులు దానిని పిలిచిన పేరు కూడా వేరు, హాకెన్‌క్రాయిట్స్, అంటే కొక్కెపు శిలువ. విస్తరి ముందుకు గుర్రాన్ని తోలుకొచ్చి "ఇదీ సైంధవమే" అనేవాడితో వాదం పెట్టుకోలేము.

మూడవ పూర్వపక్షం గట్టిది. "కాగితాలు అబద్ధమాడతాయి, లోహం అబద్ధమాడదు. నకిలీ కాగితం సృష్టించడం సులువు. అందుకే మేము లోహాన్నే నమ్ముతాము." ఈ వాదంలో సగం నిజం ఉంది. స్టుట్‌గార్ట్‌లో కోన్రాడ్ కుయావ్ అనే వర్తకుడు తూర్పు జర్మనీ నుండి పాత సైనిక సామగ్రిని దొంగచాటుగా తెచ్చి అమ్మేవాడు. మామూలు వస్తువుకు ఒక దొంగ ధ్రువపత్రం జతచేస్తే వెల పెరుగుతుందని గ్రహించాడు. సంగ్రాహకుల అత్యాశే పెట్టుబడిగా అలా ఎదిగి, చివరకు హిట్లర్ దినచర్య పుస్తకాలనే సృష్టించాడు. ష్టెర్న్ పత్రిక వాటికి సుమారు 93 లక్షల మార్కులు పోసింది. 1983 ఏప్రిల్‌లో ప్రపంచానికి చాటింది. మే మొదటి వారంలోనే జర్మను జాతీయ భాండాగారం అవి నకిలీలని తేల్చింది. పట్టించింది ఏమిటో చూడండి: ఆ కాగితంలో యుద్ధానంతర కాలపు తెలుపురసాయనం ఉంది. వీరు రిబ్బనుకు చేసే కాంతి పరీక్ష వంటిదే అది. అట్ట మీది పాత జర్మను లిపి అక్షరాన్ని పొరబడి, 'ఏ' ఉండవలసిన చోట 'ఎఫ్' అతికించాడు కుయావ్, అదీ బయటపడింది. కొన్న పెద్దమనుషులకు ఆ లిపి చదివే ఓపిక ఉంటే ఆ వ్యవహారం గడపలోనే ఆగిపోయేది.

దీన్నిబట్టి కాగితాన్ని పారేయమని తేలిందా, మరింత జాగ్రత్తగా చదవమని తేలిందా? ప్రక్షిప్త పద్యాలున్నాయని ఎవరైనా కావ్యాన్నే వదిలేస్తారా? పైగా లోహం మాత్రం అబద్ధమాడదా? లూడెన్‌షైడ్ పట్టణంలోని స్టైన్‌హావర్ అండ్ ల్యూక్ యుద్ధకాలంలో పతకాలు చేసిన సంస్థ. యుద్ధానంతరం కూడా పతకాలు చేస్తూనే ఉంది. వియన్నాలోని సూవాల్ సంస్థ యుద్ధం ముగిశాక సంగ్రాహకుల కోసమే పాత నమూనాలను మళ్ళీ ముద్రించి అమ్మింది. తయారీదారు అతడే, పనితనం అతడిదే, కాలం మాత్రం వేరు. లోహం ఒక్కటే చూసేవాడు అక్కడ తడబడవలసిందే. ఏ ఇంట దొరికింది, ఎవరి చేతులు మారి వచ్చింది అన్న వంశావళి తెలిస్తే ఆ తడబాటు చాలావరకు తప్పుతుంది.

నాలుగవది, "ఎక్కడి జర్మనీ, ఎక్కడి మనం? వాళ్ళ చరిత్ర బాధ్యత మనకెందుకు?" అన్నది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు తొట్లను తగలబెట్టిన సంగతి కోస్తాలో మా తాతల తరం వారికి కంఠోపాఠం. ఆ నౌక నాయకుడు ఫాన్ మ్యూలర్‌కూ, నావికులలో ఎందరికో ఐరన్ క్రాస్‌లు ఇచ్చారు. ఇప్పుడు ఎవరైనా మీ చేతిలో ఒక శిలువ పెట్టి "ఇది ఎమ్డెన్ నావికుడిది" అంటే పత్రం లేనిదే అది కట్టుకథ. పేరు లేని పతకానికి ఎవరి పేరైనా అతికించవచ్చు. ఆ ప్రమాదం మన చరిత్రకూ ఉన్నదే.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? ఉత్తర ఆఫ్రికాలో జర్మనులకు చిక్కిన భారతీయ సిపాయిల నుండి సుభాస్ చంద్రబోస్ బెర్లినులో ఉండగా ఒక దళాన్ని కూర్చారు. మూడు వన్నెల మీద దూకుతున్న పులి, పైన "స్వతంత్ర భారతం" అని జర్మనులో రాసిన గుడ్డ చిహ్నం ఆ సైనికుల చేతికి ఉండేది. ఆజాద్ హింద్ పతకాలు కూడా 1942లో ఏర్పడ్డాయి. వాటిని తయారుచేసింది పైన చెప్పిన సూవాల్ సంస్థే. ఆ రోజుల్లో బోస్ వెంట కార్యదర్శిగా ఉండి, 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుండి జలాంతర్గామిలో ఆయనతో బయలుదేరినవాడు మన హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ. ఇప్పుడు ఆ పులి చిహ్నాలూ, ఆజాద్ హింద్ పతకాలూ అంగడిలో ఉన్నాయి. ఏవి నిజంగా ఒక సిపాయి ధరించినవి, ఏవి తరువాతి ముద్రణలు? ధరించిన ఆ సిపాయి ఎవరు? ఏ ఊరివాడు, బందీ అయి తిరిగివచ్చాక ఏమయ్యాడు? ఈ ప్రశ్నలకు సమాధానం పులి బొమ్మలోని దారాలను లెక్కపెడితే రాదు. ఇది వాళ్ళ చరిత్ర మాత్రమే కాదని ఇంతకంటె ఎలా చెప్పాలి?

ఇంతవరకు చదివి, "చూశారా, ఇవన్నీ పాపిష్ఠి వస్తువులు, కరిగించి పారేయాలి" అనేవారు ఉంటారు. వారితోనూ నాకు పేచీయే. పతకాన్ని కరిగిస్తే పత్రం ఒంటరిదవుతుంది. కొలోన్ దుకాణదారు రొమ్ము మీద మెరిసిన ఆ శిలువ కూడా ఐరన్ క్రాసే కదా! ఈ విషయంలో స్వయంగా గాయపడిన జర్మనులే మనకంటె వివేకం చూపారు. నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను వారి శిక్షాస్మృతి నిషేధిస్తుంది. అధ్యయనానికీ, బోధనకూ, కళకూ మినహాయింపు ఇస్తుంది. 1957 జూలై 26 నాటి చట్టం రెండవ యుద్ధపు పతకాలను ధరించడానికి అనుమతించింది గానీ స్వస్తిక తొలగించాలని షరతు పెట్టింది. ఐరన్ క్రాస్ నడుమ మళ్ళీ ఓక్ ఆకులు వచ్చాయి. మనిషి పడిన శ్రమను గుర్తించారు, ఆ శ్రమను వాడుకున్న దుర్మార్గాన్ని వేరుచేశారు. అది నిజంగా కుదిరిందా లేదా అన్నది వేరే చర్చ. వస్తువును చదవాలి, పూజించరాదు, పూడ్చిపెట్టరాదు అన్న దృష్టి మాత్రం సరైనది.

కనుక సంగ్రాహకులకు నా విన్నపాలు ఇవి. కడ్డీని విప్పకండి, విప్పినదాన్ని కొనకండి. పత్రంతో వచ్చిన పతకాన్ని పత్రంతోనే ఉంచండి, అమ్మవలసి వస్తే కలిపే అమ్మండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఛాయాచిత్రం తీయండి. పేరు, ఊరు, దళం, తేదీ, ఎవరి వద్ద ఎప్పుడు కొన్నారో ఒక పుస్తకంలో రాయండి. పాత జర్మను చేతిరాత నేర్చుకోండి. తయారీదారుల అంకెలు వందలకొద్దీ గుర్తుపెట్టుకోగలవారికి నాలుగు పదుల అక్షరాలు భారం కావు. పత్రాల నకళ్ళను ఫ్రైబుర్గ్‌లోని సైనిక భాండాగారానికో, యూదు కుటుంబానివైతే న్యూయార్కులోని లియో బేక్ సంస్థకో పంపి, వారికి ఉపయోగపడతాయేమో అడగండి. కుటుంబీకులు ఎక్కడైనా ఉన్నారని తెలిస్తే ఒక ఉత్తరం రాయండి. వీటిలో ఏ ఒక్కటీ మీ అభిరుచికి అడ్డు కాదు, మీ సొత్తుకు నష్టం కాదు.

జర్మనీలోని యూదు సైనికుల సంఘం 1932లో తమ మృతవీరుల పేర్లతో ఒక స్మారకగ్రంథం ప్రచురించింది. యూదులు రణరంగానికి వెళ్ళకుండా తప్పించుకున్నారన్న అపనిందకు అది సమాధానం. వారు పతకాల బొమ్మలు వేసి ఊరుకోలేదు, పతకాల సంఖ్య చెప్పి ఊరుకోలేదు. వేల పేర్లను ఒక్కొక్కటిగా అచ్చువేశారు. అబద్ధానికి ఎదురునిలిచేది పేరేనని వారికి తెలుసు. ఆ పేర్లను చెరిపివేయాలనుకున్నవారు మరుసటి ఏడే అధికారంలోకి వచ్చారు. వారు చెరపలేక మిగిలిపోయినవాటిని ఈనాడు మన అజాగ్రత్త చెరిపివేయకూడదు.

స్వస్తి.